కచేరీ వాయిదా పడింది, సరే... ఖర్చు ఎవరిది?

మా చిట్యాల దిక్కు కచేరీ అంటే పాటకచేరీ కాదు, తాసీల్ కచేరీ. పాటకచేరీ అనే అర్థం మాకు తర్వాత్తర్వాత రేడియోలోంచీ, సినిమాల్లోంచీ దిగుమతైంది. ఇక వాయిదా అనే మాటయితే పూర్తిగా కోర్టు సొత్తు. "ఇయ్యాల వాయిదా ఉన్నది" అని భూమి తగాదాలున్నవాళ్ళు పొద్దున్నే బస్సెక్కి పోయేవాళ్ళు. అంచేత "కచేరీ వాయిదా పడింది" అని మా ఊళ్ళో పెద్దమనుషులెవరికైనా చెబితే, తాసీల్దారు సెలవు పెట్టాడు కాబోలు అనుకుంటారు :-)

(అన్నట్టు, ఇది నల్గొండ హైవే మీద ఉండే చిట్యాల కాదండోయ్. పాత వరంగల్ జిల్లా, 2016 నుంచి జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో ఉన్న చిట్యాల. చిట్యాల ఐలమ్మది కూడా మా ఊరేనా అని అడుగుతుంటారు. చిట్యాల ఆవిడ ఇంటిపేరు, ఊరు పాలకుర్తి.)

ఇంతకీ ఈ గొడవంతా ఎందుకంటే, మా టీంలో ఒక కుర్రాడు విదేశంలో ఒక కచేరీ చూద్దామని ఆర్నెల్ల ముందే టికెట్టు కొన్నాడు. సెలవు పెట్టాడు, విమానం టికెట్టు తీశాడు, బ్యాంకు స్టేట్‌మెంట్లన్నీ పట్టుకుని తిరిగి వీసా వేయించుకున్నాడు. బయల్దేరడానికి పది రోజుల ముందు మెయిలొచ్చింది. కచేరీ వాయిదా, కొత్త తేదీ తర్వాత చెబుతాం, మీ టికెట్టు అప్పటికీ చెల్లుతుంది, కంగారు పడొద్దు అని. లంచ్ టేబుల్ దగ్గర అందరూ నవ్వారు. "పాట వినడానికి దేశం దాటతారట్రా ఎవరైనా? యూట్యూబులో చూసుకోక!" అని ఒక పెద్దాయన తీర్పు కూడా ఇచ్చేశాడు.

నాకైతే నవ్వు రాలేదు. పాట కోసం ప్రయాణం చెయ్యడం పిచ్చి అయితే, ఆ పిచ్చి చాలా పాతది. ప్రయాణం చేశాక పాట లేదనిపించుకోవడమూ పాతదే. కొత్తగా వచ్చిందల్లా ఒకటే, ఆ వాయిదా ఖర్చు మొత్తం వినేవాడి నెత్తిన పడడం. ఇది ఎప్పట్నుంచి మొదలైందో తెలుసుకుందామని తవ్వుకుంటూ పోతే కొన్ని సంగతులు తేలాయి. వాటిని ఒక వరసలో పెట్టే ప్రయత్నం ఇది.

ముందు మా దిక్కు నుంచే మొదలెడతాను.

పాత వరంగల్ జిల్లాలో వినేవాళ్ళు పాట దగ్గరికి పోవడం తక్కువ, పాటే ఊరికి వచ్చేది. ఒగ్గు కథ వాళ్ళు డోలు, తాళాలు, చేతిలో ఒగ్గుతో వచ్చి మల్లన్న కథ, బీరప్ప కథ, ఎల్లమ్మ కథ చెప్పేవాళ్ళు. జనగామ దగ్గర లింగాలఘనపురం మండలం మాణిక్యాపురానికి చెందిన చుక్క సత్తయ్య గారు ఆ ఒగ్గు కథనే ఢిల్లీ దాకా తీసుకెళ్ళి కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకున్నారు. 2017లో పోయారాయన. ఒగ్గు వాళ్ళు కాక కులానికొక కథ చెప్పే వాళ్ళున్నారు. మాదిగ వాళ్ళకి చిందు వాళ్ళు, గౌండ్లవాళ్ళకి గౌడజెట్టి వాళ్ళు, పద్మశాలీలకి కూనపులి వాళ్ళు, ముదిరాజులకి కాకిపడగల వాళ్ళు. వీళ్ళలో పటం కథలు చెప్పేవాళ్ళకి పటాలు చేర్యాల నకాషీ వాళ్ళు గీసిచ్చేవారు. ఏ ఊళ్ళో ఎవరు ఆడాలన్నది మిరాశీ హక్కు. అంటే ఊళ్ళు పంచుకుని ఉంటాయి, తండ్రి తర్వాత కొడుక్కి వస్తాయి. మా భాషలో చెప్పాలంటే టెరిటరీ లైసెన్సు అన్నమాట.

మరి ఆ రోజుల్లో వాయిదా పడితే ఏమయ్యేది? ఈ ప్రశ్న చిన్నప్పుడే మా బాపమ్మని అడిగాను.

"వానొస్తే ఎట్ల బాపమ్మా?"

"ఎట్లేంది? ఆగుతరు. తెల్లారి ఆడుతరు. ఊళ్ళెనే ఉన్నరు గదా."

"మరి అన్నిరోజులు వాళ్ళకు కూడు?"

"మనమే పెట్టాలె బిడ్డా. మన ఊరికచ్చినోళ్ళకు మనం పెట్టకుంటె ఎవరు పెడుతరు?"

ఇందులో పెద్ద ఆర్థిక సూత్రమే ఉంది. ఆడేవాళ్ళు, చూసేవాళ్ళు ఒకే ఊళ్ళో ఉన్నారు. వాన పడితే ఆడేవాళ్ళకి ఒక రోజు పోయింది, ఊరికి ఒక పూట బియ్యం పోయాయి. నష్టం సగం సగం. పైగా మళ్ళీ ఏడూ వాళ్ళే రావాలి, మళ్ళీ ఏడూ వీళ్ళే పెట్టాలి, కాబట్టి ఒకర్నొకరు ముంచుకునే వీల్లేదు. అదేదో స్వర్ణయుగం అని నేననట్లేదు. ఆశ్రిత కులాలంటే ఎంత చిన్నచూపో, కరువొచ్చిన ఏడు ఆ గుడారాల్లో ఎన్ని పూటలు పస్తులుండేవాళ్ళో తెలిసినవాళ్ళెవరూ ఆ మాట అనలేరు. కాకపోతే వాయిదా అనే ఒక్క విషయంలో మటుకు ఆ పద్ధతి ఇవాళ్టి దానికంటే న్యాయంగా ఉండేది.

జనమే కదిలి పోయే సందర్భాలూ ఉండేవి, అవి జాతరలు. సంక్రాంతికి ఐనవోలు మల్లన్న, రెండేళ్ళకోసారి మాఘ పున్నమికి మేడారం సమ్మక్క సారలమ్మ. మా దిక్కు నుంచి ఒకప్పుడు ఎడ్లబండ్లు కట్టుకుని, బెల్లం బుట్టలు పెట్టుకుని మేడారం పోయేవాళ్ళు. ఒకసారి గమనించండి, జాతర వాయిదా పడదు. మూహూర్తం చంద్రుడి చేతిలో ఉంది, ఈవెంట్ మేనేజర్ చేతిలో లేదు. 2022లో కరోనా మూడో అల ఇంకా పూర్తిగా తగ్గకముందే ఫిబ్రవరి 16 నుంచి 19 దాకా జాతర జరిగిపోయింది. త్యాగరాజ ఆరాధన కూడా అంతే. ఆయన 1847లో పుష్య బహుళ పంచమి నాడు పోయారు, కాబట్టి తిరువయ్యారులో ఏటా పుష్య బహుళ పంచమి నాడే పంచరత్నాలు పాడతారు. వెళ్ళేవాడికి తేదీ వందేళ్ళ ముందే పంచాంగం చూసి చెప్పేయొచ్చు. దూరం వెళ్ళాల్సిన చోట తేదీ కదలదు, తేదీ కదిలే చోట దూరం వెళ్ళక్కర్లేదు. ఎవరూ కూర్చుని డిజైన్ చెయ్యలేదు గానీ భలే డిజైను.

ఈ డిజైను చెడిపోయిన తొలి పెద్ద సందర్భం, నాకు తెలిసినంతలో, పాటకి సంబంధించింది కాదు. ఒక రాజుగారి పట్టాభిషేకం.

1902 జూన్ 26న లండన్‌లో ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేకం. ప్రపంచం నలుమూలల నుంచీ జనం ఓడలెక్కి వెళ్ళారు. మన దేశం నుంచి సంస్థానాధీశులు వెళ్ళారు. జైపూర్ మహారాజు మాధోసింగ్ అయితే అక్కడి నీళ్ళు ముట్టనని, దాదాపు మనిషి ఎత్తున్న వెండి గంగాళాల్లో గంగాజలం నింపుకుని ఏకంగా ఒక ఓడ మాట్లాడుకుని వెళ్ళాడు. ఇండియన్ సిపాయిల దళాలు కూడా వెళ్ళాయి. తీరా రెండ్రోజుల ముందు, జూన్ 24న, రాజుగారికి కడుపులో చీముపట్టి ఆపరేషన్ చేశారు. పట్టాభిషేకం వాయిదా. చివరికి ఆగస్టు 9న జరిగింది. అప్పటిదాకా ఆగగలిగినవాళ్ళు ఆగారు, లేనివాళ్ళు ఊరేగింపు చూడకుండానే ఓడెక్కి ఇళ్ళకి పోయారు.

ఆ ఊరేగింపు చూడ్డానికి లండన్‌లో దారి పొడుగునా కిటికీలు అద్దెకి తీసుకున్నారు జనం. హెన్రీ అనే ఆయన పాల్‌మాల్ వీధిలో క్రెల్ అనే ఆయన గదుల్ని రెండు పగళ్ళకి 75 పౌన్లకి మాట్లాడుకుని, 25 పౌన్లు బయానా ఇచ్చాడు. ఊరేగింపు లేదు కాబట్టి మిగతా 50 ఇవ్వనన్నాడు. గదులైతే ఉన్నాయి కదా, డబ్బులియ్యమన్నాడు క్రెల్. కోర్టు 1903లో హెన్రీ పక్షాన తీర్పిచ్చింది. కాగితం మీద ఊరేగింపు అనే మాట లేకపోయినా, ఆ గది తీసుకున్నదే ఊరేగింపు కోసం అని ఇద్దరికీ తెలుసు, ఆ ఊరేగింపే లేనప్పుడు ఒప్పందానికి ప్రాణం పోయినట్టే అని. లా చదివేవాళ్ళు ఇప్పటికీ చదువుకునే కేసు ఇది.

దీనికి మూలం ఇంకా వెనక్కి పోతే నిజంగానే సంగీత కచేరీ దగ్గర తేలుతుంది. లండన్‌లో సర్రే గార్డెన్స్ అనే సంగీత మందిరాన్ని టేలర్ అనే ఆయన 1861లో నాలుగు కచేరీల కోసం రోజుకి 100 పౌన్ల చొప్పున మాట్లాడుకున్నాడు. మొదటి కచేరీ జూన్ 17న. సరిగ్గా ఆరు రోజుల ముందు, జూన్ 11న, మందిరం కాలిపోయింది. ఎవరి తప్పూ లేకుండా, ఒప్పందానికి ఆధారమైన వస్తువే పోయినప్పుడు ఇద్దరూ బాధ్యత నుంచి బయటపడతారని 1863లో కోర్టు తేల్చింది. మన కాంట్రాక్టు చట్టం 1872లో వచ్చింది. అందులో 56వ సెక్షన్ ఈ సంగతే చెబుతుంది. దాని కింద ఉదాహరణ ఏమిటో తెలుసా? ఆర్నెల్లు నాటకాలాడతానని ముందే డబ్బు తీసుకుని, మధ్య మధ్యలో జబ్బుపడి ఆడలేకపోయిన నటుడు! దాని తర్వాత 65వ సెక్షన్, అలా రద్దయిన ఒప్పందం మీద అంతకుముందు పుచ్చుకున్నది తిరిగి ఇవ్వాలంటుంది. అంటే నూటయాభై ఏళ్ళ క్రితం చట్టం రాసినవాళ్ళకి కూడా ఆట ఆగిపోవడం అంటే ఏమిటో బాగానే తెలుసు.

చట్టంలో ఒక్క చిక్కుంది. ఇదంతా రద్దు గురించి. వాయిదా అంటే రద్దు కాదు కదా. ఈ సందులోంచే మొత్తం కథ నడుస్తుంది, కాస్త ఆగండి, దానికే వస్తున్నా.

అదే 1902లో, నవంబరు నెలలో, కలకత్తాలో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే ఆయన గౌహర్ జాన్ పాటల్ని రికార్డు చేశాడు. మన దేశంలో తొలి గ్రామఫోన్ రికార్డింగుల్లో అవీ ఉన్నాయి. ఓ పక్క ప్రయాణం చేసి వెళ్ళినవాళ్ళు వాయిదా దెబ్బ తిన్నారు, ఇంకో పక్క అసలు ప్రయాణమే అక్కర్లేని పాట పుట్టింది. రికార్డుకి జలుబు చెయ్యదు, వాన పడదు. తర్వాత రేడియో వచ్చింది. 1930ల్లో నిజాం హైదరాబాదులో దక్కన్ రేడియో, 1948 డిసెంబరులో విజయవాడ ఆకాశవాణి, ఆపైన తెలుగు పాటల కోసం సిలోన్ వైపు తిప్పిన ముల్లు, మీనాక్షి పొన్నుదురై గారి గొంతు. చిట్యాల లాంటి ఊళ్ళో పంచాయితీ రేడియో చుట్టూ చేరినవాళ్ళకి ఘంటసాల ఎంత దూరమో, సముద్రం అవతల సిలోనూ అంతే దూరం. రెండూ చెవి పక్కనే. రెండు మూడు తరాలు అలా గడిచిపోయాయి. మా లంచ్ టేబుల్ పెద్దాయన మాట్లాడింది ఆ తరం మాట. తప్పేం లేదు, కాకపోతే ఆ తరం మధ్యలో వచ్చింది. పాట కోసం నడవడం దానికి ముందూ ఉంది, తర్వాతా ఉంది.

తర్వాత అంటే, తెలుగువాళ్ళు విమానాలెక్కాక. అమెరికాలో 1965 ఇమ్మిగ్రేషన్ చట్టం వచ్చాక మన డాక్టర్లు, ఇంజనీర్లు మెల్లిగా వెళ్ళడం మొదలెట్టారు. 1971లో ఘంటసాల గారు ఇంగ్లండు, జర్మనీ, అమెరికా తిరిగి పాడొచ్చారు. ఒక రకంగా ఇది మళ్ళీ ఒగ్గు కథ పద్ధతే, పాటే జనం దగ్గరికి వెళ్ళింది. 1974 ఫిబ్రవరి 11న ఆయన పోయారు. యాభయ్యొక్కేళ్ళు. 1971లో "ఈసారికి కుదర్లేదు, మళ్ళీ వచ్చినప్పుడు చూద్దాం" అనుకున్నవాళ్ళకి ఆ మళ్ళీ రాలేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

ఆ తర్వాత జాతరలు కూడా అమెరికా చేరాయి. 1977లో న్యూయార్కులో తెలుగువాళ్ళ మొదటి మహాసభ జరిగింది, అదే తానా అయింది. 1978లో క్లీవ్‌లాండ్‌లో త్యాగరాజ ఆరాధన మొదలైంది. అయితే ఇక్కడొక చిన్న మార్పు జరిగింది. క్లీవ్‌లాండ్ ఆరాధన పుష్య బహుళ పంచమికి కాదు, ఈస్టర్ రోజుల్లో. తానా సభలు రెండేళ్ళకోసారి జులై నాలుగు చుట్టూ. పంచాంగం పోయి సెలవుల క్యాలెండరు వచ్చింది. అమెరికాలో తిథి అంటే లాంగ్ వీకెండే :-) నవ్వులాటకి అన్నా గానీ, తేదీ చంద్రుడి చేతిలోంచి మనుషుల చేతిలోకి వచ్చింది. మనుషుల చేతిలో ఉన్నది మారుతుంది. 2020 వసంతంలో ఒహాయోలో జనం గుమిగూడే వీల్లేక క్లీవ్‌లాండ్‌కి వెళ్ళే దారి మూసుకుపోయింది. తానా 22వ మహాసభలు 2019లో వాషింగ్టన్ డీసీలో జరిగితే, 23వ వి 2023లో గానీ ఫిలడెల్ఫియాలో జరగలేదు. మధ్యలో 2021 ఎగిరిపోయింది.

ఇక ఇప్పటి మాట. ఇప్పటి కచేరీ అంటే ఇరవై ముప్ఫై ట్రక్కుల సామాను, స్టేజీ మీద ఊరంత లైటింగు, నెలల ముందు బుక్కయ్యే స్టేడియం. ఏ.ఆర్. రహ్మాన్ 2010 ప్రపంచ యాత్ర గుర్తుందా? ఆస్కార్ వచ్చిన మరుసటేడు. జూన్ 11న న్యూయార్కు దగ్గర నసావ్ కొలీసియంలో మొదలైంది. డెట్రాయిట్ పక్కన పాంటియాక్ సిల్వర్‌డోమ్‌లో జూన్ 19 షో. షోకి ముందు స్టేజీ పైన లైట్ల నిర్మాణం కూలింది. అదృష్టం కొద్దీ షో మొదలవకముందే కూలింది. ఆ షోతో పాటు అమెరికా, కెనడాల్లో మిగతా షోలు కూడా ఆగిపోయి, సెప్టెంబరుకి వెళ్ళాయి. ఎందుకంటే ఆ కూలిన సామానే మిగతా ఊళ్ళకి కూడా వెళ్ళాలి. మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి బాగా అర్థమయ్యే సంగతి, ఒక్క డిపెండెన్సీ పడిపోతే దాని వెనకున్న రిలీజులన్నీ జరిగిపోతాయి. ఒగ్గు వాళ్ళ డోలు పగిలితే తెల్లారేసరికి తోలు మార్చుకునేవాళ్ళు. స్టేడియం స్టేజీకి మూడు నెలలు పడుతుంది.

మిడ్‌వెస్ట్‌లో దేశీ కచేరీ అంటే పక్క రాష్ట్రాల నుంచి కార్లేసుకు వచ్చేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. జూన్ అంటే పిల్లల సెలవులు, సెప్టెంబరంటే బడులు. టికెట్టు చెల్లుతుంది, నిజమే. కారులో వెనక సీటు మాత్రం ఖాళీ.

ఇళయరాజా టొరంటో కచేరీ ఇంకో ఉదాహరణ. 2012 నవంబరు 3న రోజర్స్ సెంటర్లో జరగాల్సింది వాయిదా పడి, 2013 ఫిబ్రవరి 16న జరిగింది. కారణాల మీద అప్పట్లో రకరకాల మాటలు వినిపించాయి, వాటి జోలికి పోను. రాజా కచేరీ ఆ గడ్డ మీద అంతకుముందు దొరికిందే లేదు, అంచేత తెలుగు తమిళం తేడా లేకుండా అమెరికా వైపు నుంచి కూడా జనం చూశారు దాని వైపు. హెచ్1బీ మీద ఉన్న మనవాడి అవస్థ ఊహించండి. మన పాస్‌పోర్టుకి కెనడా వీసా వేరే కావాలి. పాస్‌పోర్టులో అమెరికా వీసా స్టాంపు తేదీ దాటిపోయినా, ఐ-94 బతికుంటే ముప్ఫై రోజుల్లోపు కెనడా వెళ్ళి తిరిగి రావచ్చనే రూలు ఒకటుంది, దాన్ని నమ్ముకుని ధైర్యం చెయ్యాలి. నవంబరులో అన్నీ కుదిరినవాడికి ఫిబ్రవరిలో ఐ-94 ఉందో లేదో, ఉద్యోగం మారాడో, పొడిగింపు పెండింగులో ఉందో! ఇవేవీ టికెట్టు వెనక రాసి ఉండవు.

యూరప్ అయితే ఇంకో రకం. షెంజెన్ వీసా చాలామంది మనవాళ్ళకి ఆ ప్రయాణం తేదీలకి సరిపడానే ఇస్తారు. కచేరీ రెండు నెలలు జరిగితే వీసా మళ్ళీ మొదట్నుంచీ. ఫీజు 2024 జూన్ నుంచి 90 యూరోలు, తిరిగి రాదు. హైదరాబాదు పోయి వేలిముద్రలు, కాగితాలు, ఎదురుచూపు. అదే జర్మన్ పాస్‌పోర్టు ఉన్న అభిమానికి వాయిదా అంటే రైలు టికెట్టు మార్చుకోవడం. ఇద్దరి చేతిలో ఉన్నదీ ఒకే టికెట్టు, ఒకే ధర. వాయిదా ధర మాత్రం ఇద్దరికీ ఒకటి కాదు. నాకు అసలు మండేది ఇక్కడే.

ఇప్పుడా చట్టంలో సందు దగ్గరికి వద్దాం. రద్దయితే డబ్బు తిరిగి ఇవ్వాలి. వాయిదా అయితే? "మీ టికెట్టు చెల్లుతుంది." కొత్త తేదీ చెప్పకుండా ఎన్నాళ్ళయినా వాయిదాలోనే ఉంచొచ్చు. 2020లో ఇది బట్టబయలైంది. అమెరికాలో టికెట్‌మాస్టర్ సైట్లో వాపసు నిబంధనల మాటలు ఆ వసంతంలో మారాయి, రద్దయిన వాటికే వాపసు అన్నట్టుగా. గోల గోల అయింది. ఆ తర్వాత కొత్త తేదీ ప్రకటించాక ముప్ఫై రోజుల్లోపు అడిగినవాళ్ళకి వాపసు ఇస్తామనే పద్ధతి వచ్చింది. స్టబ్‌హబ్ అయితే రద్దయిన వాటికి కూడా డబ్బుకి బదులు నూటికి నూట ఇరవై చొప్పున కూపన్లు ఇస్తానంది. అందరి టికెట్ డబ్బూ ఒకేసారి తిరిగివ్వాలంటే వాళ్ళ దగ్గర లేదు, అది నిజమే కావచ్చు. కానీ దానర్థం ఏమిటి? వడ్డీ లేని అప్పు అభిమాని ఇచ్చాడన్నమాట, తనకే తెలియకుండా.

డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్‌లో ఒక మాట ఉంటుంది, మళ్ళీ ప్రయత్నించు అని చెప్పడం సర్వర్‌కి చాలా తేలిక, ఆ ప్రయత్నం ఖర్చంతా క్లయింటుది. అచ్చంగా అదే. మా బాపమ్మ కాలంలో సర్వరూ క్లయింటూ ఒకే ఊళ్ళో ఉండేవి.

డబ్బు సంగతి ఇంతటితో ఆపుతాను. వాయిదాలో డబ్బు కంటే పెద్దది ఇంకోటుంది.

మైకేల్ జాక్సన్‌కి వాయిదాలు కొత్త కాదు. 1993 ఆగస్టులో బ్యాంకాక్‌లో రెండో షో ఒంట్లో నీరు తగ్గిపోయి 25 నుంచి 27కి పోయింది, వెంటనే సింగపూర్‌లో 30న జరగాల్సింది తలనొప్పితో సెప్టెంబరు 1కి పోయింది. రెండ్రోజుల వాయిదాలు. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు హోటలు ఇంకో రెండ్రోజులు పొడిగించుకుంటే సరిపోయింది. 2009లో లండన్ ఓ2 అరీనాలో యాభై షోలు ప్రకటించారు. జులై 8న మొదలవ్వాలి. మే నెలలో మొదటి షో జులై 13కి, ఆ వెనక మూడు ఏకంగా 2010 మార్చికి జరిపారు. జూన్ 25న ఆయన చనిపోయాడు. నిర్వాహకులు టికెట్టు కొన్నవాళ్ళకి రెండు దారులు చూపించారు, డబ్బు వాపసు తీసుకోండి, లేదా డబ్బు వదులుకుని ఆ టికెట్టు కాగితాన్నే జ్ఞాపకంగా ఉంచుకోండి అని.

మనకి దగ్గరి మాట చెబుతాను. బాలసుబ్రహ్మణ్యం గారు 2017లో పాటకి యాభై ఏళ్ళయిన సందర్భంగా అమెరికా తిరుగుతూ ఉండగా, ఇళయరాజా తరఫు నుంచి పాటల హక్కుల మీద లీగల్ నోటీసు వెళ్ళింది. ఆయన యాత్ర ఆపలేదు, ఆ పాటలు పక్కనపెట్టి మిగతావి పాడారు. తప్పొప్పులు పక్కనపెడితే, వాయిదా వెయ్యకపోవడం అనే ఆ ఒక్క నిర్ణయానికి నేను దణ్ణం పెడతాను. ఎందుకంటే 2020 మార్చి తర్వాత స్టేజీలన్నీ ఆగిపోయాయి. సెప్టెంబరు 25న బాలు పోయారు. ఆ ఆర్నెల్లలో ఎక్కడ ఏ కచేరీ ఆయన పేరున వాయిదాలో ఉన్నా, అది వాయిదాలోనే ఉండిపోయింది. 2017లో ఏదో ఒక ఊరి హాల్లో, సగం పాటలు లేకపోయినా సరే అని కూర్చుని విన్నవాడు అదృష్టవంతుడు.

ఇదండీ అసలు సంగతి. తేదీని జరపొచ్చు గానీ మనుషుల్ని జరపలేం. పాడేవాళ్ళకీ వయసొస్తుంది, వినేవాళ్ళకీ వస్తుంది. వినడానికి వెంట తీసుకుపోదామనుకున్న అమ్మానాన్నలకి మరీ తొందరగా వస్తుంది.

అలాగని వాయిదా వెయ్యొద్దా అంటే, అదీ కాదు. 2023 నవంబరులో రియోలో టేలర్ స్విఫ్ట్ కచేరీకి వచ్చిన ఒక అభిమాని విపరీతమైన ఎండవేడికి చనిపోయింది. మర్నాటి షో, జనం అప్పటికే స్టేడియంకి చేరాక, 20వ తేదీకి వాయిదా వేశారు. తిట్టుకున్నవాళ్ళున్నారు, కానీ అది వెయ్యాల్సిన వాయిదానే. 2023లోనే చెన్నైలో రహ్మాన్ కచేరీ ఆగస్టు 12న వానకి ఆగి సెప్టెంబరు 10న జరిగింది. ఆ రోజు ఏం జరిగిందో అందరికీ తెలుసు, చేతిలో టికెట్టున్నా లోపలికి పోలేక, తొక్కిసలాటలో పిల్లల్ని ఎత్తుకుని వెనక్కి వచ్చేసినవాళ్ళు ఎందరో. అంటే వాయిదా వేస్తే సరిపోదు, వాయిదా పడినదాన్ని మొదటి రోజు కన్నా జాగ్రత్తగా జరిపించాలి. రహ్మాన్ ఆ తర్వాత బాధ్యత తన మీద వేసుకున్నాడు, టికెట్ల కాపీలు పంపమని డబ్బు తిరిగి ఇప్పించే ఏర్పాటు చేశాడు. అది మటుకు మెచ్చుకోవాలి.

2024 ఆగస్టులో వియన్నాలో జరిగింది ఇంకా విచిత్రం. స్టేడియం మీద దాడికి పన్నాగం బయటపడి, టేలర్ స్విఫ్ట్ మూడు షోలూ ముందురోజు రద్దు చేశారు. ప్రపంచం నలుమూలల నుంచీ వచ్చిన అభిమానులు ఊళ్ళో ఇరుక్కుపోయారు. టికెట్టు డబ్బు తిరిగొస్తుంది, విమానం డబ్బు రాదు. వాళ్ళేం చేశారంటే, ఆమె పాట పేరుకి దగ్గరగా ఉండే కొర్నేలియస్‌గస్సే అనే వీధిలో చేరి, చేతి పూసల గాజులు మార్చుకుని, చెట్టుకి కట్టి, వాళ్ళే పాడుకున్నారు. రోజుల తరబడి. చూస్తే నాకు మన జాతరే గుర్తొచ్చింది. గద్దె మీద దేవత లేదు, అంతే తేడా.

ఇంతకీ చెయ్యాల్సిందేమిటి? నా మటుకు నాకు మూడు తోస్తాయి. ఒకటి, వాయిదా పడిన రోజునే ప్రతి ఒక్కరికీ వాపసు అడిగే హక్కుండాలి, కొత్త తేదీ వచ్చేదాకా ఆగమనకూడదు. రెండు, కొత్త తేదీకి ఒక గడువుండాలి, అది దాటితే వాయిదా తనంతట తానే రద్దుగా మారాలి. మూడు, దూరం నుంచి వచ్చేవాడికి వాయిదా కబురు ఎంత ముందు చెప్పగలిగితే అంత ముందు చెప్పాలి, టికెట్లు ఇంకా అమ్ముడుపోతున్నాయి కదా అని దాచకూడదు. మన దేశంలో జరిగే కచేరీలకైతే ఒక ఆయుధం ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే చోటే ఫిర్యాదు వేసుకోవచ్చు, కచేరీ జరిగిన ఊరికి పోనక్కర్లేదు. చెన్నై కచేరీ మీద భూపాలపల్లి జిల్లావాడు ఇంటి దగ్గర్నుంచే అడగొచ్చన్నమాట. దేశం దాటితే మాత్రం అంత తేలిక కాదు. అందాకా వెళ్ళేవాళ్ళు కచేరీ ఒక్కదానికే కాకుండా చూడ్డానికి ఇంకో రెండు చోట్లు కలుపుకుని, మార్చుకునే వీలున్న టికెట్టు తీసుకుని వెళ్ళడం మంచిది. ఇన్సూరెన్సు తీసుకుంటే అందులో కచేరీ వాయిదాకి చెల్లిస్తారో లేదో ముందే చదువుకోవడం ఇంకా మంచిది, చాలావాటిలో ఉండదు.

చివరగా ఒక్క మాట. వాయిదా అనే పదం ఉర్దూ "వాదా" నుంచి వచ్చింది. వాదా అంటే ఇచ్చిన మాట. మనం అప్పు వాయిదాల్లో కట్టినప్పుడు కూడా ఆ అర్థమే, ఫలానా రోజుకి ఇస్తానని మాట. అంటే అసలు అర్థంలో వాయిదా వెయ్యడమంటే తప్పించుకోవడం కాదు, ఇంకోసారి మాటివ్వడం. వాన వెలిసేదాకా ఊళ్ళోనే ఉండి తెల్లారి ఆడినవాళ్ళు ఆ మాట నిలబెట్టుకున్నారు. ఆగినన్నాళ్ళూ కూడు పెట్టినవాళ్ళు కూడా నిలబెట్టుకున్నారు. ఇప్పుడు స్టేడియం కట్టేవాళ్ళూ, టికెట్లమ్మేవాళ్ళూ ఆ మాత్రం మాట నిలబెట్టుకోమని అడగడం అత్యాశేం కాదు కదా?

మీరేమంటారు?